ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. హైదరాబాద్‌లో ఉద్యోగం, వయసు 25. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు కోసం చాలా రోజులుగా వెయిటింగ్‌లో ఉంటే ఇప్పుడు సీటు వచ్చింది, ఇంకా మూడున్నర నెలల టైముంది. పంపాల్సిన కాగితాల్లో ఒకటి, ప్రమాదం జరగొచ్చని, ప్రాణమే పోవచ్చని తెలిసే చేరుతున్నానని ఒప్పుకునేది. నాన్న లేరు, ఇంటి తరఫున అమ్మే సంతకం పెట్టాలి. 2022లో ఆ సంస్థ బృందానికి జరిగిన ప్రమాదం అమ్మ టీవీలో చూసింది. "ఎవరెస్ట్ ఎక్కిన పిల్లే పోయింది, నువ్వెంత?" అంటోంది. నా దగ్గర జవాబు లేదు. ఇంకొకటి, చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. టెన్త్ తర్వాత పెద్దగా రాలేదు, చలికాలంలో ఎప్పుడన్నా ఇన్‌హేలర్ వాడతాను. మెడికల్ ఫారంలో అది రాస్తే సీటు పోతుంది, రాయకు అంటున్నారు ఫ్రెండ్స్. ఎలా ప్రిపేర్ కావాలి? అమ్మను సంతకం అడగడం తప్పా?

జవాబు:

చెల్లీ, నువ్వు చివర్లో రాసిన ఆయాసం సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే నీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. ఫారంలో రాయి. సీటు పోతే పోయింది. ఈ వారంలోనే ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్ళు, జనరల్ ఫిజీషియన్ సంతకం సరిపోదు నీ విషయంలో. స్పైరోమెట్రీ అని గొట్టంలోకి గట్టిగా ఊది చూసే టెస్టు ఉంటుంది, అది చేయించు. నెల రోజుల కోర్సులో సామాను మోస్తూ, మంచులో, నాలుగు వేల మీటర్ల దాకా వెళ్ళబోతున్నానని డాక్టర్‌కి వివరంగా చెప్పు. "ట్రెక్కింగ్‌కి వెళ్తున్నా డాక్టర్" అని తేలిగ్గా చెప్పి సర్టిఫికెట్ పట్టుకొచ్చేయకు. ఉబ్బసం అదుపులో ఉన్నవాళ్ళు కొండలెక్కకూడదని ఏమీ లేదు, ఎక్కేవాళ్ళు ఉన్నారు. కానీ చల్లటి పొడిగాలి, పైగా ఎగశ్వాస వచ్చేంత కష్టం, ఈ రెండూ కలిస్తే ఆయాసం లేవొచ్చు, అక్కడ రోజంతా ఉండేవి ఆ రెండే. వెళ్ళొచ్చా వద్దా అన్నది నీ ఫ్రెండ్స్ చెప్పేది కాదు, నేను చెప్పేదీ కాదు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఎత్తుమీద ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు ఒకటుంది. కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు వస్తుంది, పెదవులు నీలం తిరుగుతాయి, ఒక్కోసారి నురగలాంటి కఫం పడుతుంది. వెంటనే కిందికి దింపకపోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. నీకు ఆయాసం ఉందని తెలిసిన ఉస్తాద్ (అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌ను అలాగే పిలుస్తారు) నువ్వు దగ్గడం చూడగానే అలర్ట్ అవుతాడు. తెలియని ఉస్తాద్ "జలుబు చేసుంటుంది" అనుకుంటాడు. నువ్వు ఒక గడి ఖాళీగా వదిలేస్తే, నిన్ను కాపాడాల్సిన మనిషికి గంతలు కట్టినట్టే. ఇన్‌హేలర్ తీసుకెళ్ళమని డాక్టర్ అంటే బ్యాగులో కాకుండా జాకెట్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండేట్టు పెట్టుకో, చలికి డబ్బా చల్లబడిపోతే మందు సరిగా రాదు.

దాచిపెట్టడం గురించి నాకెందుకింత పట్టుదలో కూడా చెప్పాలి. నేను బేసిక్ కోర్సు చేసింది 26 ఏళ్ళప్పుడు, నువ్వు వెళ్ళేది కాదు, వేరే సంస్థలో. బేస్ క్యాంపుకు చేరిన రెండో రాత్రి తలనొప్పి మొదలైంది. తెల్లవారుజామున టెంటు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుని బూటుతో మంచు కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నాకు 'ఎ' గ్రేడ్ కావాలి, అది వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు పంపుతారు. పొద్దున హార్నెస్, అంటే తాడుకు తగిలించుకునే నడుం, తొడల పట్టీలు, కట్టుకుని లైన్లో నిలబడ్డాను. మా హార్నెస్‌లు పాత రకం, నడుం పట్టీని బకిల్‌లోంచి లాగాక మళ్ళీ వెనక్కి తిప్పి దూర్చాలి, అలా దూరిస్తేనే అది పట్టుకుంటుంది. పదిహేను రోజులుగా రోజూ చేస్తున్న పని అది. నా ముందున్న రోప్‌మేట్, బెంగాలీ అమ్మాయి, రూల్ ప్రకారం నన్ను చెక్ చేస్తూ పట్టీ కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. పట్టీ మొత్తం జారి తన చేతిలోకి వచ్చేసింది. నేను ఆ పట్టీ వైపు చూస్తూ నిలబడ్డాను తప్ప ఏం తప్పు చేశానో నాకు అర్థం కాలేదు, అదీ అసలు భయపెట్టే విషయం. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు, నేరుగా ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన నన్ను మడమకు బొటనవేలు ఆనించుకుంటూ గీతమీద నడిచినట్టు నడవమన్నాడు. నాలుగో అడుగుకే పక్కకు ఒరిగాను. గంటలో నన్ను ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌తో కిందికి పంపేశారు. దారంతా ఏడ్చాను, కింద రెండు రాత్రులున్నాక మళ్ళీ పైకి వెళ్ళాను, బి గ్రేడ్ వచ్చింది. ఆ పిల్ల పట్టీ లాగకపోతే అరగంటలో నేను మంచుగోడ మీద తాడుకు వేలాడుతూ ఉండేదాన్ని.

సరే, ఇప్పుడు అమ్మ సంగతి. "నువ్వెంత?" అని అమ్మ అడిగిన ప్రశ్న సరైనదే. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర, సుమారు 5,670 మీటర్ల కొండ అది, నీ సంస్థ అడ్వాన్స్ కోర్సు బృందం మీదికి మంచు చరియలు విరుచుకుపడ్డాయి. 27 మంది మృతదేహాలు దొరికాయి, ఇద్దరు దొరకలేదు. చనిపోయినవాళ్ళలో సవితా కంస్వాల్ ఒకరు, మీ అమ్మ చెప్పిన అమ్మాయి ఆవిడే. ఆ ఏడాది మే నెలలో పదహారు రోజుల తేడాలో ఎవరెస్ట్, మకాలూ రెండూ ఎక్కిన మనిషి, ఆ కోర్సులో ఇన్‌స్ట్రక్టర్‌గా వెళ్ళింది. మనవాళ్ళలో నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబును తలుచుకో. 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు 172 రోజుల్లో ఎక్కినవాడు, 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ పోయాడు. వీళ్ళకు పని రాక కాదు, జాగ్రత్త లేకా కాదు.

కాబట్టి అమ్మతో "ఏం కాదమ్మా, అంతా సేఫ్" అని మాత్రం అనకు. అది అబద్ధమని అమ్మకు తెలుసు, నీకూ తెలుసు, అబద్ధం మీద అడిగిన సంతకం సంతకం కాదు. నువ్వు చెప్పాల్సింది ఇంకొకటుంది. 2022లో వెళ్ళింది అడ్వాన్స్ కోర్సువాళ్ళు, శిఖరం ఎక్కే దశలో ఉన్నారు. బేసిక్‌లో మొదట ఉత్తరకాశీ పక్కన తేఖ్లా దగ్గర రాళ్ళమీద నేర్పుతారు, తర్వాత భుక్కీ దాకా బస్సు, అక్కణ్ణించి నడక, తేల్ మీదుగా డోక్రానీ హిమానీనదం దగ్గరి బేస్ క్యాంపు. అక్కడ మంచుమీద నడక, ఐస్ మీద ఎక్కడం, పడితే ఐస్ యాక్స్‌తో (మంచుగొడ్డలితో) ఆగడం, ఆఖర్లో హైట్ గెయిన్ అని ఒకరోజు ఇంకా పైకి తీసుకెళ్ళి దింపుతారు. శిఖరం ఎక్కించడం బేసిక్ లక్ష్యం కాదు. అడ్వాన్స్ కంటే ప్రమాదం తక్కువే. కానీ ఆ ద్రౌపదీ కా దండా ఉన్నది ఈ డోక్రానీ లోయ తలాపునే, అదీ చెప్పు అమ్మకు. తనంతట తను తెలుసుకుంటే నువ్వు దాచావనుకుంటుంది.

నా లెక్కలో, ఆ కాగితంలో ఉన్నవి రెండు రకాల ప్రమాదాలు. రాయి దొర్లడం, మంచు చరియలు, కొండదారిలో బస్సు, ఉన్నట్టుండి మారే వాతావరణం, ఇవి నీ చేతిలో లేవు. వీటికి నువ్వు చేయగలిగింది ఆ రోజుల్లో ఉస్తాద్ "ఆగు" అంటే ఆగడం, "వెనక్కి" అంటే మారుమాట లేకుండా వెనక్కి తిరగడం, అంతే. మిగిలినవి నీ చేతిలోవి, జనం అనుకునేదానికంటే అవే ఎక్కువ. ముడి తప్పు వేయడం, హెల్మెట్ తీసి పక్కన పెట్టడం, అలసిపోయి దిగేటప్పుడు కాలు మడతపడటం, నీళ్ళు తాగకపోవడం, తలనొప్పి దాచడం. మొదటివాటిని ఒప్పుకుంటూ సంతకం పెట్టు, రెండోవాటి మీద ఈ మూడున్నర నెలలూ పనిచెయ్యి. రెండింటినీ కలిపేసి "ఏదైతే అదైంది" అని పెడితే నేను ఒప్పుకోను.

నువ్వు సంపాదిస్తేనే ఇల్లు గడిచేట్టయితే, ఉత్తరంలో రాయలేదు గానీ నాన్న లేరన్నావు కాబట్టి అంటున్నాను, ఇంకో పనుంది. నీ ఇన్సూరెన్స్ కాగితాలు తీసి చదువు. చాలా పాలసీల్లో పర్వతారోహణకు వర్తించదని ఒక లైన్ ఉంటుంది. కంపెనీకి రాసి అడుగు, జవాబు రాతపూర్వకంగా తీసుకో. సంస్థ తరఫున బీమా ఉందా, ఎంత, హెలికాప్టర్ ఖర్చు దాంట్లో వస్తుందా, పై క్యాంపులో డాక్టర్‌గానీ నర్సింగ్ అసిస్టెంట్‌గానీ ఉంటారా, ఎంతమందికి ఒక ఇన్‌స్ట్రక్టర్, ఇవన్నీ ఫోన్ చేసి అడుగు, మొహమాటపడకు. బ్యాంకు ఖాతాలకు నామినీగా అమ్మ పేరు ఉందో లేదో చూసుకో. నీ లోన్లు, పీఎఫ్, పాలసీల వివరాలు ఒక తెల్లకాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టు. ఇదంతా అశుభంగా అనిపిస్తుంది, తెలుసు, మా ఇంట్లో కూడా "ఇవేం మాటలే" అన్నారు. కానీ పిల్ల ఇంత ఆలోచించి వెళ్తోందని అమ్మకు తెలిసేది ఆ కాగితంతోనే, ఎన్ని ధైర్యవచనాలు చెప్పినా ఆ నమ్మకం రాదు.

అన్నీ విన్నాక కూడా అమ్మ పెట్టనంటే? ఈసారికి ఆగిపో. పోరాడి, అలిగి, అన్నం మానేసి తెచ్చుకున్న సంతకంతో నువ్వు అక్కడ ప్రశాంతంగా ఉండలేవు, పరధ్యానంగా ఉన్న మనిషి తాడు పట్టుకోవడం మిగతావాళ్ళకు కూడా మంచిది కాదు.

ఇక ప్రిపరేషన్. ముందే తెలుసుకోవాల్సింది ఏంటంటే ఎత్తుకు అలవాటుపడటం ఇక్కడ కుదిరే పని కాదు, మన రెండు రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎత్తయిన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు, ఎత్తు జబ్బు, అంటే పైన గాలి పలచబడి వచ్చే తలనొప్పి, వికారం, మొదలయ్యేదే దాదాపు 2,500 దగ్గర. ఎంత ఫిట్‌గా ఉన్నా అది రాదన్న గ్యారంటీ లేదు. నిజానికి బాగా ఫిట్‌గా ఉన్న కుర్రాళ్ళే అందరికంటే ముందు పైకి ఉరికి, అందరికంటే ముందు పడిపోతారు. ఇక్కడ మనం తయారుచేసుకోగలిగింది కాళ్ళు, వీపు, దమ్ము.

మొదటి నెల పరుగు. స్పీడ్ వద్దు, మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే వేగంలో వారానికి నాలుగు రోజులు, ఐదు కిలోమీటర్లు ఆగకుండా వచ్చేదాకా. పరిగెడుతుంటే ఆయాసం వస్తోందా, ఇన్‌హేలర్ అవసరమైందా, నోట్‌బుక్‌లో తేదీతో రాసుకో, డాక్టర్‌కి అది చూపించు. రెండో నెల నుంచి బరువు. నువ్వు పైన మోసేది పదిహేను కిలోలకు తగ్గదు. మీ ఇంట్లో బియ్యం ఉంటాయిగా, ఐదు కిలోలు సంచిలో కట్టి రక్‌సాక్‌లో వేసుకుని మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కు, పది రోజులకో రెండు కిలోలు పెంచు. నడుం బెల్టు తుంటి ఎముక మీద కూర్చునేట్టు బిగించు, బరువు భుజాల మీద కాదు తుంటి మీద ఉండాలి. లిఫ్ట్‌లో దిగకు. అందరూ ఎక్కడమే ప్రాక్టీస్ చేస్తారు, మోకాళ్ళు పోయేది దిగేటప్పుడు.

హైదరాబాద్ నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో భువనగిరి కొండ కనిపిస్తుంది కదా, ఆ ఏకశిల మీదే మాలావత్ పూర్ణ మొదట రాళ్ళెక్కడం నేర్చుకుంది, 2014 మే 25న పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ మీద నిలబడింది. అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. ఒకటి రెండు వీకెండ్లు వెళ్ళు, ఎక్కడం వచ్చేస్తుందని కాదు, తాడుకు వేలాడితే నీ ఒళ్ళు ఎలా స్పందిస్తుందో ముందే తెలియాలి. ర్యాపెలింగ్‌లో మొదటిసారి వెనక్కి ఒరిగి బరువంతా తాడుమీద వదిలేటప్పుడు కాళ్ళు వణుకుతాయి, ఆ వణుకు ఇంటి దగ్గరే అయిపోతే మంచిది. కుదిరితే ఆఖరి నెలలో తిరుపతి వెళ్ళి అలిపిరి మెట్లు ఎక్కు, 3,550 మెట్లు, బ్యాగు వేసుకుని. అమ్మను కూడా తీసుకెళ్ళు, తను ఎలాగూ మొక్కుకునే ఉంటుంది.

ముడులు ఇంట్లోనే నేర్చుకోవచ్చు. రెండు మీటర్ల తాడు ముక్క కొనుక్కో, వేలిలావు ఉంటే చాలు. ఫిగర్ ఆఫ్ ఎయిట్, బోలైన్, క్లోవ్ హిచ్, ప్రూసిక్, ఈ నాలుగూ చాలు. టీవీ చూస్తూ వేయడం వస్తే సరిపోదు. ఉన్ని గ్లౌజులు తడిపి, ఫ్రిజ్‌లో పెట్టి, తొడుక్కుని, కళ్ళు మూసుకుని వెయ్యి. ఫిగర్ ఆఫ్ ఎయిట్ వేశాక తాడు పోగులు రెండేసి జతగా పక్కపక్కన పడ్డాయో లేదో వేలితో తడిమి చూడు, ఎక్కడా మెలిక పడకూడదు, కొస కనీసం జానెడు మిగలాలి. పైన నీ వేళ్ళు పని చేయవు, అలవాటే పని చేస్తుంది.

సామానులో ఐస్ యాక్స్, క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్ళు), హార్నెస్, మంచుబూట్లు లాంటివి సంస్థే ఇస్తుంది, కొనకు. కాళ్ళకు అలవాటైన ట్రెక్కింగ్ షూస్, ఉన్ని సాక్సులు, కాటన్ కాని లోపలి బట్టలు, మంచి కళ్ళద్దాలు, హెడ్‌ల్యాంప్, వీటిమీద డబ్బులు పెట్టు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. కాలిగోళ్ళు బాగా కత్తిరించుకో, లేకపోతే దిగేటప్పుడు బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడి ఊడిపోతాయి. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా రాసుకోవాలి, ఎండ మంచుమీద పడి కిందినుంచి కొడుతుంది, మా బ్యాచ్‌లో సగంమందికి ముక్కు లోపల కాలింది.

ఆడపిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఎత్తుమీద పీరియడ్స్ ముందూ వెనకా అవుతాయి, తేదీ లెక్క నమ్మొద్దు. ప్యాడ్స్ ఎక్కువే తీసుకెళ్ళు, వాడినవి వేయడానికి జిప్ కవర్లు, ఆ కవర్లు మళ్ళీ కిందికి మోసుకురావాలి. టాయిలెట్‌కు లేవాల్సి వస్తుందని నీళ్ళు తగ్గించే అమ్మాయిల్ని ప్రతి బ్యాచ్‌లో చూస్తారు, మొదట తలనొప్పి వచ్చేది వాళ్ళకే. చీకట్లో, చలిలో లేవడం నరకమే, అయినా రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగు, పక్కనున్న పిల్లను తోడు లేపు. రాత్రి వేడినీళ్ళ బాటిల్ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటే కాళ్ళు వెచ్చగా ఉంటాయి, పొద్దున నీళ్ళు గడ్డకట్టవు. తిండి కూడా అంతే. పైకి వెళ్ళాక ఆకలి చచ్చిపోతుంది, పప్పు చూస్తే వికారం వస్తుంది, అయినా తిను. నేను చిన్న డబ్బాలో గోంగూర పచ్చడి తీసుకెళ్ళాను, అదే నాకు అన్నం దిగేలా చేసింది.

ఎత్తు జబ్బుకు ముందుగా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అడుగుతావని తెలుసు. డాక్టర్ చెప్తేనే వేసుకో, సల్ఫా మందులు పడవని ఎప్పుడైనా తేలి ఉంటే ఆ సంగతి ముందే చెప్పు. అది ఒంటికి ఎత్తు అలవాటవడానికి సాయం చేస్తుందే తప్ప, ఆల్రెడీ ఊగుతూ నడిచే మనిషిని పైకి పంపే టికెట్ కాదు. ఎత్తు జబ్బుకు అసలు మందు దిగడమే. తలనొప్పి, వికారం వస్తే ఎక్కడం ఆపాలి. ఆగినా తగ్గకపోతే, కూర్చున్నా ఆయాసం వస్తే, నడక తూలితే, మాట తడబడితే వెంటనే కిందికి. అర్ధరాత్రి అయినా ఉస్తాద్‌ను లేపు. వాళ్ళు కేకలేస్తారు, ఆర్మీ టైపు క్రమశిక్షణ ఉంటుంది, ఫాలిన్‌కు (వరుసలో నిలబడే హాజరుకు) రెండు నిమిషాలు ఆలస్యమైతే పనిష్మెంట్ ఇస్తారు, కానీ "ఒంట్లో బాలేదు సార్" అన్నందుకు నన్ను ఒక్కరు కూడా తిట్టలేదు. చెప్పనందుకే తిట్టారు.

నిన్ను మధ్యలో దింపేయొచ్చు. గ్రేడ్ రాకపోవచ్చు. ఇంత ఖర్చు, ఇన్ని సెలవులు, ఇంట్లో ఇంత రభస తర్వాత కూడా పదో రోజు బస్సెక్కించి పంపేయొచ్చు. సంతకం పెట్టేటప్పుడు అందరూ చావు గురించే ఆలోచిస్తారు, ఇది తలుచుకోరు, కానీ దీనికి ఒప్పుకోనివాళ్ళే పైన అన్నీ దాస్తారు. నాకు బి గ్రేడ్ వచ్చినందుకు ఏడాదిపాటు బాధపడ్డాను. తర్వాత మళ్ళీ అప్లై చేసి, మళ్ళీ బేసిక్ చేసి, 'ఎ' గ్రేడ్ తెచ్చుకున్నాను. రెండోసారి కూడా ఒకరోజు తలనొప్పి వచ్చింది, టీ అయ్యేలోపే చెప్పేశాను, ఆ పూటకి రెస్ట్ ఇచ్చారు, అంతే.

అమ్మకు కోర్సు షెడ్యూల్ తేదీలతో సహా రాసివ్వు, ఏ రోజుల్లో ఫోన్ సిగ్నల్ ఉండదో ఎర్ర ఇంకుతో గీసివ్వు, లేకపోతే ఆ పది పన్నెండు రోజులు తనకు నిద్ర ఉండదు. సంస్థ ఆఫీసు నంబర్ ఫ్రిజ్ మీద అంటించు. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం రేపే తీసుకో, ఆయన ఏమన్నాడో నాకు రాయి. వద్దన్నా రాయి.